పాపను మళ్లీ మళ్లీ అడగకండి

"టెన్షన్ లేదు మేడమ్. మూడు రోజులు కూర్చోబెట్టి అడిగాం, ఇప్పుడు పాప తడుముకోకుండా చెబుతుంది."

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లలకు సపోర్ట్ పర్సన్‌గా, అంటే కేసు నడిచినంతకాలం తోడుగా ఉంటాను. తల్లిదండ్రుల నోట ఈ మాట వినని నెల లేదు. విన్న ప్రతిసారీ గుండె జారుతుంది.

అపోహ: ఎన్నిసార్లు చెప్పిస్తే అంత బాగా గుర్తుంటుంది.

వాస్తవం: మనం చెప్పించడం లేదు, అందిస్తున్నాం. "అంకుల్ గదిలోకి తీసుకెళ్లాడా? తలుపు వేశాడా?" అంటాం. ఆ గది, ఆ తలుపు మన నోట్లోంచి వచ్చినవే. అదే ప్రశ్న మళ్లీ అడిగితే, మొదట చెప్పింది తప్పేమోనని ఐదారేళ్ల పిల్లలు జవాబు మార్చేస్తారు. కొన్నాళ్లకు చూసిందేదో, విన్నదేదో వాళ్లకే తేడా తెలియకపోవచ్చు. అది అబద్ధం కాదు.

మా అబ్బాయికి ఐదేళ్లప్పుడు వాటర్ బాటిల్ పోయింది. "వ్యాన్‌లో మర్చిపోయావా?" అంటే లేదన్నాడు. మూడోసారి అడిగేసరికి అవునన్నాడు. రాత్రి వాళ్ల నాన్నతో "వెనక సీటు కింద పెట్టా" అని కూడా చెప్పాడు. బాటిల్ పక్కింట్లో దొరికింది.

బాటిల్ కాబట్టి సరిపోయింది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ ప్రీస్కూల్ కేసు 1983లో మొదలై 1990లో ఒక్క శిక్షా పడకుండా ముగిసింది. పిల్లల నోట్లో మాటలు పెట్టేలా ప్రశ్నలు అడిగారని, ఆ వీడియోలు చూసిన జ్యూరీ సభ్యులే అన్నారు. మన కోర్టుల్లోనూ "ఇలా చెప్పమని ఎవరన్నారమ్మా?" అని అడుగుతారు. పాప నిజాయతీగా "అమ్మ" అంటుంది. జరిగింది నిజమే అయినా, నేర్పించిన సాక్ష్యమనే అనుమానం అక్కడే మొదలవుతుంది.

మిగతావి త్వరగా చెబుతాను. చిన్నపిల్లల సాక్ష్యం చెల్లదన్నది తప్పు. కనీస వయసంటూ లేదు, ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగితే చాలు. స్టేషన్‌కు ఈడ్చుకెళ్తారన్నదీ పుకారే. ఇంట్లో గానీ పాప కోరుకున్న చోట గానీ, పోలీసులు యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలని పోక్సో చట్టం చెబుతోంది. కోర్టులో నిందితుడు పాప కంటపడకూడదు, లాయర్ల ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్లాలి. "ఏడవలేదు కాబట్టి కల్పించింది" అనే చుట్టాల మాటలు మాత్రం దయచేసి చెవిన పెట్టకండి. ఏడవని పిల్లలను ఎంతోమందిని చూశాను.

పాప నోరు విప్పితే వినండి. "ఏం జరిగిందమ్మా?", "తర్వాత?" ఈ రెండూ చాలు. పాప అన్న మాటను అన్నట్టే, తేదీ, సమయంతో రాసుకుని చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి.

ఇప్పటికే చాలాసార్లు అడిగేశారా? భయపడకండి, మీ స్థానంలో ఏ తల్లయినా అడుగుతుంది. కానీ దాచకండి. మీరు ఏమని అడిగారో, పాప మొదటిసారి ఏమందో గుర్తున్నంతవరకు ఈ రాత్రే రాసి, ఆ కాగితం వెంట తెచ్చుకోండి.