ఫెల్ట్ హెయిర్ క్లిప్పులు: అపోహలు, వాస్తవాలు, కొంచెం వెనకవైపు సంగతి

స్టాల్ పెట్టినప్పుడల్లా చూస్తుంటాను. తల్లులు పువ్వు చూస్తారు, రంగు చూస్తారు, పాప గౌనుకు మ్యాచ్ అవుతుందా అని పక్కన పెట్టి చూస్తారు. క్లిప్పు తిప్పి వెనక చూసేవాళ్లు బహు అరుదు. నేను మాత్రం ఎవరు చేసిన క్లిప్పు చేతికొచ్చినా ముందు తిప్పే చూస్తాను. ఈ పనిలో నాకు వినిపించే అపోహల్లో సగం ఆ వెనకవైపు చూడకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఫెల్ట్ అంటే ఉన్ని.

అసలు ఫెల్ట్ ఉన్నిదే. గొర్రె వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని, మగ్గం అవసరం లేకుండానే మందమైన బట్టలా తయారవుతాయి. కశ్మీరులో నేల మీద పరిచే నమ్దాలు అలా చేసినవే. ‘మన గొంగడి కూడా అంతేగా’ అని ఒకసారి ఒక పెద్దాయన అడిగారు. కాదు, గొంగడి దక్కనీ గొర్రెల ఉన్నిని వడికి మగ్గం మీద నేసేది.

ఇక బేగంబజార్‌లోనో స్టేషనరీ షాపులోనో ఏ4 సైజులో దొరికే రంగురంగుల షీట్లు చాలావరకు పాలిస్టర్‌వి. అనుమానం వస్తే అంచు నుంచి చిన్న పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండులా మిగులుతుంది. పాలిస్టర్ చెడ్డదని కాదు, నేనూ ఎక్కువగా దాంతోనే చేస్తాను. దాన్ని ‘ప్యూర్ వూల్’ అని అమ్మడమే నాకు నచ్చదు.

అపోహ: గ్లూ గన్ ఉంటే చాలు, సూదితో పనేముంది?

మొదట్లో నేనూ ఇదే నమ్మాను. ఒక పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టుల ఆర్డర్ వస్తే రాత్రంతా కూర్చుని అన్నీ గ్లూతోనే అంటించి ఇచ్చాను. మే నెల. వాళ్లు ఆ డబ్బాను ఎండలో ఆపిన కారులో మధ్యాహ్నం దాకా ఉంచేశారు. సాయంత్రం ఫోను: ‘అక్కా, పూలు వేరు, క్లిప్పులు వేరుగా ఉన్నాయి.’ తప్పు వాళ్లది కాదు. గ్లూ గన్‌లో పెట్టే గ్లూ స్టిక్ వేడికి కరిగి అతికే పదార్థం, మళ్లీ వేడి తగిలితే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా పోతుంది. పైగా క్లిప్పు రేకు నున్నగా ఉంటుంది, ఫెల్ట్‌ను పట్టుకున్నంత గట్టిగా గ్లూ దాన్ని పట్టుకోదు.

ఇప్పుడు ఇలా చేస్తాను. పువ్వు కింద అదే రంగు ఫెల్ట్ ఇంకో ముక్క కత్తిరించి, మధ్యలో క్లిప్పు వెడల్పంత కోత పెడతాను. వంచితే టక్కున మూసుకునే టిక్‌టాక్ క్లిప్పు తెరిచి దాని పై రేకును ఆ కోతలోంచి లోపలికి దూర్చితే, జుట్టును పట్టుకునే కింది నాలుక బయటే ఉంటుంది. దాని మీద పువ్వు పెట్టి, ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలోంచి రెండు పోగులే విడదీసి, అంచు చుట్టూ బ్లాంకెట్ స్టిచ్ వేస్తాను. టైలర్లు వేసే కాజా కుట్టుకి అది దగ్గరి చుట్టం. రేకు రెండు ముక్కల మధ్య చిక్కుకుని ఉంటుంది, ఇక ఎటూ పోదు. గ్లూ వాడనని కాదు, కుట్టేటప్పుడు జారకుండా ఒక చుక్క పెడతాను.

అపోహ: ఫెల్ట్‌ను నీళ్లు పాడుచేస్తాయి.

పాలిస్టర్‌ను నీళ్లు ఏమీ చేయవు. ఉన్నిని వేడినీళ్లలో వేసి రుద్దితే మాత్రం ముడుచుకుపోతుంది. మన ఇళ్లలో ఫెల్ట్‌కి అసలు శత్రువు కొబ్బరినూనె. పాలిస్టర్‌కి నూనె అంటే మహా ఇష్టం, పీల్చుకుని ఒక పట్టాన వదలదు. రోజూ నూనె రాసి జడ వేసే పాపకి లేత గులాబీ క్లిప్పు ఇస్తే కొన్నాళ్లకే వెనక ముక్క నల్లబడి, దాని మీద దుమ్ము పట్టుకుంటుంది. అందుకే నూనె తలలకి వెనక ముక్క ముదురు రంగుది వేస్తాను, జుట్టుకు తగిలే చోట సన్న గీతల గట్టి రిబ్బన్ కుడతాను. మరక పడితే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, వేలితో మెల్లగా రుద్ది, చన్నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. బ్రష్ పెట్టి తోమితే ఉండలు కడుతుంది.

అపోహ: మెత్తగా ఉంటుంది కాబట్టి పసిపిల్లలకి ఏదైనా పెట్టొచ్చు.

మెత్తగా ఉండేది ఫెల్టే. దాని మీది ముత్యం మెత్తన కాదు. మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఏది దొరికినా నోట్లోకే పోతుంది, ఊడిన పూస గొంతులో అడ్డం పడితే క్షణాల్లో ప్రమాదం. కాబట్టి ఆ వయసు వాళ్లకి పూసలు, బటన్లు, రాళ్లు పెట్టను. పువ్వు మధ్యలో దారంతోనే ముడి కుట్లు వేస్తాను. నిద్రపుచ్చే ముందు క్లిప్పయినా హెయిర్ బ్యాండ్ అయినా తీసేయండి. బ్యాండ్ తీశాక నుదుటి మీద గీత మిగిలితే అది బిగుతు, ‘సాగుతుందిలే’ అనుకోకండి. క్లిప్పు తగిలిన చోట ఎర్రబడి దురద పెడితే రేకులోని నికెల్ పడకపోవచ్చు. రిబ్బన్ చుట్టిన క్లిప్పు అడగండి, తగ్గకపోతే మానేసి డాక్టర్‌కి చూపించండి.

అపోహ: ఇంత ముక్కకి ఇంత రేటా!

ముక్కకి కాదండీ, కుట్టుకి. ఇంకేం చెప్పను.

చివరగా ఒక అమ్మమ్మగారి సంగతి. తిరుమలలో పుట్టు వెంట్రుకలు ఇచ్చి వచ్చారు. పాపకి నున్నటి గుండు, దాని నిండా గంధం. ‘ఫొటో దిగాలి, మంచి హెయిర్ బ్యాండ్ ఒకటి కుట్టు తల్లీ’ అన్నారు. కొత్తగా క్షవరమైన చర్మానికి ఎలాస్టిక్ ఒరుసుకుంటుందని, గంధం పొడి ఫెల్ట్‌లోకి దిగితే పసుపు మరక అలాగే ఉండిపోతుందని చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. పాపకున్న మెత్తని కాటన్ టోపీ తెమ్మని, దాని పక్కన పువ్వు కుట్టి ఇచ్చాను. ఏడాది తిరిగాక ఆవిడే ఆ టోపీ తెచ్చారు, పాపకి పిలక వచ్చింది. నాలుగు కుట్లు విప్పి అదే పువ్వును క్లిప్పుకి మార్చాను. గ్లూతో అంటించి ఉంటే పువ్వు చిరిగి చేతికొచ్చేది.