పాత ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ: పాడైన సెల్స్ మారిస్తే సరిపోతుందా?

ఈ వారం మళ్ళీ ఒకాయన విప్పిన బ్యాటరీని గుడ్డ సంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పైనున్న నీలం ప్లాస్టిక్ తొడుగు కత్తితో కోసి ఉంది, నికెల్ పట్టీల మీద రెండు చోట్ల మార్కర్‌తో అడ్డగీతలు గీసి ఉన్నాయి. "ఈ రెండు వరుసలే పోయాయండీ, ఇవి మారిస్తే బండి మళ్ళీ కొత్తదానిలా నడుస్తుందని చెప్పారు" అన్నారు. ఎలక్ట్రిక్ సైకిళ్ళ బ్యాటరీలు బాగుచేసే పనిలో నేను అన్నింటికంటే ఎక్కువగా వినే మాట ఇదే, జనం అన్నింటికంటే ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేదీ దీనివల్లనే. అందువల్ల మిగతా అపోహలను క్లుప్తంగా ముగించి, దీన్ని మాత్రం వివరంగా రాస్తున్నాను.

అపోహ: పాడైన సెల్స్ తీసి కొత్తవి వేస్తే పాత బ్యాటరీ కొత్తదవుతుంది.

వాస్తవం: వయసు మీద పడి ఛార్జ్ నిలబడని ప్యాక్‌లో పాడైంది ఆ రెండు వరుసలే కాదు, అవి మిగతావాటికంటే ముందుగా పడిపోయాయి, అంతే. 36 వోల్టుల ప్యాక్‌లో పది గ్రూపులు (ఆయన వరుసలన్నవి ఇవే) సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి, ఒక్కో గ్రూపులో సాధారణంగా మూడో నాలుగో సెల్స్ ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన కలిపి ఉంటాయి. సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి పది గ్రూపుల గుండా పోయే కరెంటు ఒక్కటే. అన్నీ ఒకే రోజున పనిలో దిగాయి, ఒకే ఎండలో నిలబడ్డాయి, ఒకే ఛార్జర్‌తో నిండాయి, కాబట్టి అన్నీ దాదాపు కలిసే ముసలివయ్యాయి. ప్యాక్ లోపల కాపలా కాసే సర్క్యూట్ బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) పది గ్రూపులనూ విడివిడిగా గమనిస్తూ, వాటిలో ఏ ఒక్కటి వోల్టేజి కింది హద్దు తాకినా మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. అంటే బండి ఎంత దూరం నడుస్తుందన్నది అన్నింటికంటే బలహీనమైన గ్రూపు మీదనే ఆధారపడి ఉంటుంది. దాన్ని తీసి కొత్తది వేసినప్పుడు మనకు దక్కేది కొత్త గ్రూపు కెపాసిటీ కాదు, ఇప్పటిదాకా రెండో బలహీనమైనదిగా ఉన్న పాత గ్రూపు కెపాసిటీ. కొత్త సెల్స్‌లో మిగిలిన శక్తి అందులోనే ఉండిపోతుంది, పాత గ్రూపులు మాత్రం రోజూ పూర్తిగా నిండి పూర్తిగా ఖాళీ అవుతూ ఇంకా వేగంగా అరిగిపోతాయి. ముసలి ఎద్దునూ కోడెనూ ఒకే కాడికి కట్టినట్టు ఉంటుంది ఆ ప్యాక్ పరిస్థితి.

"బీఎంఎస్ గ్రూపులన్నింటి ఛార్జ్‌నూ సమం చేసి బ్యాలెన్స్ చేస్తుంది కదా" అని చాలామంది అడుగుతారు. మామూలు బీఎంఎస్‌లు బ్యాలెన్స్ చేసేది కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లతో మాత్రమే. రెండు గ్రూపుల మధ్య ఒక ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇచ్చేంత ఛార్జ్) తేడా ఉంటే, 50 మిల్లీ ఆంపియర్లతో దాన్ని సరిచేయడానికి 20 గంటలు పడుతుంది. అది కూడా ఛార్జ్ మట్టంలోని తేడానే సరిచేస్తుంది తప్ప, అరిగిపోయిన సెల్‌కు పోయిన కెపాసిటీని ఏ బీఎంఎస్సూ తిరిగి ఇవ్వలేదు. ఇక ఒక గ్రూపులో నాలుగు సెల్స్‌కు ఒక్కటే మార్చడం మరీ ప్రమాదం. కొత్త సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ (లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డు) తక్కువ కాబట్టి కరెంటులో ఎక్కువ వాటా దాని మీదనే పడుతుంది. వోల్టేజీలు సమం చేయకుండా కలిపితే, కలిపిన క్షణంలోనే ఒక సెల్ నుంచి మరో సెల్‌లోకి పెద్ద కరెంటు దూకుతుంది.

ఇది నాకు మొదటి నుంచీ తెలిసిన సంగతి కాదు. పనిలో చేరిన కొత్తలో, మోకాళ్ళ నొప్పితో ఎక్కువ దూరం నడవలేని ఒక పెద్దాయన తన బండి బ్యాటరీ తెచ్చారు. పది గ్రూపులు, గ్రూపుకు నాలుగు చొప్పున నలభై సెల్స్. పూర్తిగా ఛార్జ్ చేశాక తొమ్మిది గ్రూపులు 4.18 వోల్టుల దగ్గర ఉన్నాయి, ఒక్కటి మాత్రం 3.31 దగ్గర ఆగిపోయింది. "బాబూ, ఈ నాలుగూ మారిస్తే సరిపోతుందా?" అని ఆయన అడిగితే, సరిపోతుందని నేను నమ్మకంగా చెప్పాను. నాలుగు సెల్స్ మార్చి, శుభ్రంగా స్పాట్ వెల్డింగ్ చేసి ఇచ్చాను. మూడు నెలలు తిరగకుండానే ఆయన బండి తోసుకుంటూ వచ్చారు. ఆగిపోయిన స్థితిలోనే ప్యాక్ విప్పి ప్రతి గ్రూపునూ కొలిచాను. నేను వేసిన కొత్త గ్రూపు 3.71 వోల్టుల దగ్గర హాయిగా ఉంది, దాని పక్కనున్న రెండు పాత గ్రూపులు 3.02 దగ్గరకు పడిపోయి ఉన్నాయి. ఆయన ఇచ్చిన కూలి తిరిగి ఇచ్చేశాను, కానీ కొత్త ప్యాక్ కొనవలసిన డబ్బులో కొంత భాగం ఆ సెల్స్ కింద అప్పటికే ఖర్చయిపోయింది. అంత దూరం బండి తోసుకుంటూ వచ్చిన ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అలాగని బ్యాటరీ విప్పి చేసే ప్రతి రిపేరూ వృథా అని నేను అనడం లేదు. ప్యాక్ ఏడాదిలోపుదై ఉండి, ఒక వెల్డింగ్ ఊడిపోయినా, ఒక తీగ తెగినా, బీఎంఎస్ ఒక్కటే పాడైనా, బాగుచేయడమే సరైన పని. అసలు బ్యాటరీ పోయిందని తెచ్చిన బండ్లలో లోపం ఛార్జర్‌లోనో, నల్లబడి కాలిపోయిన కనెక్టర్ పిన్నులోనో ఉండటం నేను చాలాసార్లు చూశాను. 36 వోల్టుల లిథియం అయాన్ ఛార్జర్ కొనల దగ్గర మల్టీమీటర్ పెడితే 42 వోల్టులు చూపాలి, పదమూడు గ్రూపులు సిరీస్‌లో ఉన్న 48 వోల్టుల ప్యాక్ ఛార్జర్ అయితే 54.6 చూపాలి. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ ఒక్క కొలత తీసుకోండి.

అపోహ: మీటరులో పూర్తి వోల్టేజి కనిపిస్తోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది.

వాస్తవం: అది బండి నిలబడి ఉన్నప్పటి వోల్టేజి. అరిగిన ప్యాక్ లోడ్ లేనప్పుడు 41 వోల్టులు చూపించి, ఎత్తు ఎక్కేటప్పుడు లోడ్ పడగానే 32కు, ఇంకా కిందికి జారిపోతుంది; మోటారుకు కరెంటు పంపే కంట్రోలర్ తనంతట తాను ఆగిపోయే వోల్టేజి (కటాఫ్) ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి బండి ఆగుతుంది, దిగి నిలబడగానే మీటరులో గీతలన్నీ మళ్ళీ నిండుగా కనిపిస్తాయి. కొలవవలసింది లోడ్ మీద.

అపోహ: వోల్టేజి అదే, ప్లగ్గు సరిపోయింది, కాబట్టి ఏ బ్యాటరీ అయినా వేసుకోవచ్చు, వోల్టేజి కాస్త ఎక్కువైతే ఇంకా వేగంగా పోతుంది.

వాస్తవం: ప్లగ్గులో ప్లస్, మైనస్ ఎటున్నాయో కూడా తయారీదారును బట్టి మారుతుంది. 36 వోల్టుల కంట్రోలర్లలో కొన్నింటిలో ఉండే కెపాసిటర్లు 50 వోల్టుల వరకే తట్టుకుంటాయి, నిండిన 48 వోల్టుల ప్యాక్ 54.6 ఇస్తుంది, అక్కడితో కంట్రోలర్ పని అయిపోతుంది. బీఎంఎస్ ఎడతెగకుండా ఇవ్వగల కరెంటు, మీ కంట్రోలర్ లాగే గరిష్ఠ కరెంటు కంటే ఎక్కువగా ఉండాలి. కొన్ని బండ్లలో బ్యాటరీ, మోటారు ఒకదానితో ఒకటి డేటా తీగ ద్వారా మాట్లాడుకుంటాయి, అలాంటి వాటిలో బయటి ప్యాక్ వేస్తే బండి అసలు స్టార్ట్ కాదు. పాత లెడ్ యాసిడ్ బండికి లిథియం వేసుకునేవారు ఛార్జర్‌ను కూడా తప్పక మార్చాలి, ఎందుకంటే 48 వోల్టుల లెడ్ యాసిడ్ ఛార్జర్ 58 వోల్టుల దాకా పోగలదు. బీఎంఎస్ ఆపుతుందిలే అనుకోవద్దు. అది చివరి కాపలాదారు, రోజూ ఛార్జింగ్ ఆపడం దాని పని కాదు.

కొత్త ప్యాక్ కొనేటప్పుడు లేబుల్ మీది ఆంపియర్-అవర్లను గుడ్డిగా నమ్మవద్దు, లెక్క వేసి చూడండి. 18650 సెల్ (18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే గుండ్రటి సెల్) ఒక్కటి మామూలుగా సుమారు 3.5 ఆంపియర్-అవర్ల కంటే ఎక్కువ పట్టదు. గ్రూపుకు నాలుగు సెల్స్ అంటే 14 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి నలభై 18650 సెల్స్ ఉన్న ప్యాక్ మీద 20 అని రాసి ఉంటే అది అబద్ధం. విప్పి చూడలేకపోతే తూకం వేయండి. సెల్ ఒక్కటి 45 నుంచి 50 గ్రాములు ఉంటుంది. 18650 సెల్స్‌తో చేసి, నిజంగా 20 ఉన్న 36 వోల్టుల ప్యాక్‌లో కనీసం అరవై సెల్స్ ఉండాలి, అంటే పెట్టె, బీఎంఎస్ కాకుండానే సెల్స్ బరువు దాదాపు 2.8 కిలోలు. యూఎల్ 2271 లాంటి భద్రతా ప్రమాణానికి పరీక్షించిన ప్యాక్ దొరికితే అదే తీసుకోండి.

మిగతావి త్వరగా చెబుతాను. పూర్తిగా ఖాళీ చేసి ఛార్జ్ చేయాలన్న మాట నికెల్ కాడ్మియం కాలం నాటిది, లిథియంకు అది హాని. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌తో చల్లని చోట ఉంచండి. ఏడాది మూలన పడి, సెల్స్ 2 వోల్టుల కిందికి పోయిన ప్యాక్‌ను ఛార్జర్ నేరుగా తగిలించి 'లేపడం' ఎవరు నేర్పినా చేయవద్దు. ఆ స్థితిలో లోపలి రాగి కరిగి, తిరిగి ఛార్జ్ చేసినప్పుడు పేరుకుని సెల్ లోపలే షార్ట్ కావచ్చు.

ఇక భయపడుతున్న వారికి ఒక మాట. బండి మునుపటి కంటే తక్కువ దూరం పోతున్నంత మాత్రాన మీ బ్యాటరీ పేలిపోదు, మైలేజీ తగ్గడం అరుగుదల మాత్రమే. పెట్టె ఉబ్బినా, తియ్యటి రసాయనం వాసన వచ్చినా, వాడకుండా ఉన్నప్పుడు కూడా వెచ్చగా తగిలినా, నీళ్ళు లోపలికి పోయినా, గట్టిగా కిందపడినా అప్పుడే దాన్ని వాడటం, ఛార్జ్ చేయడం ఆపి, ఇంటి బయట, మంటకు దూరంగా పెట్టండి. తీసేసిన పాత ప్యాక్‌ను చెత్తబుట్టలో వేయవద్దు; కొనల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, లిథియం బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికే ఇవ్వండి. విప్పి ఉన్నదైతే నికెల్ పట్టీలన్నింటినీ టేపుతో కప్పి ఇవ్వండి, సంచిలో తాళంచెవి ఒక్కటి తగిలినా నిప్పురవ్వ లేస్తుంది.