బతకలేక బడిపంతులా? బిగ్ బ్యాండ్ మాస్టార్ల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న మా కాలేజీ జాజ్ బ్యాండ్ కచేరీ అయ్యాక స్టాండ్లు మడిచి పెట్టెలో సర్దుతున్నాను. ఒకాయన వచ్చి పక్కన నిలబడ్డారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు, సొంతూరు ఏలూరు. వాళ్లబ్బాయి హైస్కూల్ బ్యాండులో ట్రంపెట్. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగారు: "మాస్టారూ, ట్రంపెట్లు నేర్పే ఆ పెద్దాయన ఒకప్పుడు పేరున్న బిగ్ బ్యాండులో మిగతావాళ్లని నడిపించే లీడ్ ట్రంపెట్ వాయించారటగా? మరి ఇక్కడికెందుకొచ్చినట్టు? అక్కడ తీసేశారా?"

డాలస్ చుట్టుపక్కల పదిహేనేళ్లుగా ట్రాంబోన్ నేర్పుతున్నాను. ఈ ప్రశ్న ఏడాదికి నాలుగుసార్లైనా వింటాను. మాటలు మారతాయి, లోపలున్నది మాత్రం మన పాత సామెతే. బతకలేక బడిపంతులు.

మిగతా అపోహలు చివర్లో గబగబా కానిచ్చేస్తాను. దీని దగ్గర మాత్రం కాసేపు కూర్చోవాలి. దీనివల్ల పిల్లలు నష్టపోవడం కళ్లారా చూశాను.

అపోహ: వాయించడం చేతకాకపోతేనే పాఠాలు చెప్పుకోడానికి వస్తారు.

ముందు ఆ బ్యాండ్లు ఏమయ్యాయో చూడండి. బిగ్ బ్యాండ్ అంటే జాజ్ వాయించే సుమారు 17 మంది బృందం. ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. అందరికీ జీతం, బస్సు, హోటలు. 1942 ఆగస్టులో అమెరికా సంగీతకారుల యూనియన్ రికార్డింగులు ఆపేసింది. యుద్ధంలో పెట్రోలుకీ టైర్లకీ రేషన్. 1944లో డాన్సులుండే హోటళ్ల బిల్లుల మీద 30 శాతం పన్ను వేసి, ఆ ఏడాదే 20కి తగ్గించారు. 1946 చివరికొచ్చేసరికి బెన్నీ గుడ్‌మన్, వుడీ హెర్మన్, టామీ డోర్సీ, హ్యారీ జేమ్స్ కొద్దివారాల తేడాలో బ్యాండ్లు ఎత్తేశారు. వీళ్లలో ఎవరికండీ వాయించడం రానిది? ఖర్చు లెక్క కుదర్లేదు, అంతే.

అదే సమయంలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ప్రభుత్వ ఖర్చుతో కాలేజీల్లో చేరుతున్నారు. వాళ్లలో మిలిటరీ బ్యాండ్లలో వాయించినవాళ్లూ ఉన్నారు. మన డాలస్‌కి 40 మైళ్ల దూరంలో, డెంటన్‌లో, 1947లో నార్త్ టెక్సస్ కాలేజీ దేశంలోనే మొదటిసారి ఈ సంగీతంలో డిగ్రీ పెట్టింది. జాజ్ అంటే పెద్దవాళ్లు ముఖం చిట్లించే రోజులు కాబట్టి కోర్సుకు 'డాన్స్ బ్యాండ్' అని పేరు పెట్టారు. దాన్ని మొదలుపెట్టిన జీన్ హాల్ తనే శాక్సఫోన్ వాయించేవాడు. కాలేజీలో డాన్సు సంగీతం ఎలా నేర్పాలన్నదాని మీదే 1944లో మాస్టర్స్ థీసిస్ రాశాడు. (మన పిల్లలు గొప్పగా చెప్పుకునే అక్కడి 'వన్ ఓ క్లాక్' బ్యాండు పేరు వెనక రహస్యమేం లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి రిహార్సల్.)

ఇక మనుషుల సంగతి. హెర్బ్ పామరాయ్ లయనెల్ హ్యాంప్టన్, స్టాన్ కెంటన్ బ్యాండ్లలో ట్రంపెట్ వాయించాడు. 1955లో బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత విద్యాలయంలో పాఠాలు మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 25. ఆ వయసులో ఏం రిటైరయ్యాడని? పగలు పాఠాలు, రాత్రి సొంత బిగ్ బ్యాండు. అలా 1995 దాకా నేర్పాడు. పేరున్న బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ శైలిలో అరేంజ్‌మెంట్ (పాటలో ఏ వాద్యం ఏం వాయించాలన్నది) రాయడం మీద ఆయన చెప్పిన క్లాసు గురించి పాత విద్యార్థులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అంతేకాదు, 1963 నుంచి 22 ఏళ్లు ఎంఐటీలో ఇంజినీరింగ్ పిల్లల జాజ్ బ్యాండును నడిపాడు. తండ్రి డెంటిస్టు. ఈయన కూడా డెంటిస్టు అవుదామని హార్వర్డ్‌లో చేరి ఏడాదికే మానేశాడు. ఈ చివరి ముక్క మీ పిల్లలకు చెప్పకపోయినా ఫర్లేదు.

ఫ్రాంక్ ఫాస్టర్ సంగతి ఇంకా బాగుంటుంది. 1953 నుంచి 1964 దాకా కౌంట్ బేసీ బ్యాండులో టెనర్ శాక్స్. 1972లో బఫెలోలో యూనివర్సిటీ కొలువు, నాలుగేళ్లు. మన సామెత ప్రకారం కథ అక్కడితో అయిపోవాలి. కానీ 1986లో అదే బేసీ బ్యాండుకి నాయకుడిగా తిరిగెళ్లి తొమ్మిదేళ్లు నడిపాడు.

మన దగ్గరైతే ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. విజయనగరం సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ అధ్యాపకులు. పాపం, కచేరీలు దొరక్క చేరారని ఎవరైనా అన్నారా?

సరే, నష్టం ఎక్కడో చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు మా పెద్దాయన దగ్గర నేర్చుకునేవాడు. ఆయనకి అప్పటికే డెబ్బై దాటాయి, పై స్వరాలు వెనకటిలా పలకడం లేదు. "ఆయనకే రానిది నీకేం నేర్పుతాడు?" అని ఇంట్లో మాన్పించి, ఆన్‌లైన్లో చెవులు పగిలేలా పైకి వాయించే ఒకతనికి అప్పజెప్పారు. కుర్రాడు అతన్ని చూసి మౌత్‌పీస్‌ని పెదాలకేసి అదమడం మొదలుపెట్టాడు. అదిమితే రెండు స్వరాలు పైకి పలుకుతాయి, నిజమే. కానీ పెదవికి రక్తం ఆడదు, వాస్తుంది, కండరం దెబ్బతింటుంది. నవంబరుకల్లా మామూలు స్వరం కూడా గాలి చప్పుడుతో వచ్చేది. ఆడిషన్ల కాలమంతా ట్రంపెట్ పెట్టెలోనే ఉంది. తల్లి ఫోన్లో ఏడ్చింది. ఆవిణ్ణి ఏమనగలను? పిల్లాడి మేలు కోరే చేసింది.

పెద్దాయన ఏమీ అనలేదు. జనవరిలో తీసుకురమ్మన్నారు. మూడు వారాలు మెత్తగా, కింది స్థాయిలో పొడుగు స్వరాలు మాత్రమే. తర్వాత నాలుగో ట్రంపెట్ కుర్చీలో కూర్చోబెట్టారు. బస్సుల్లో తిరుగుతూ, రోజుకో ఊళ్లో వాయిస్తూ పెదవిని కాపాడుకున్న మనిషికి తెలిసే విషయాలు అవి. వేగం తగ్గాక ఆ తెలివిడి ఇంకా పదునెక్కుతుంది. బలంతో నెట్టుకురావడం కుదరదు కాబట్టి.

ఇంకో సంగతి. చార్టులో, అంటే ముందుండే నొటేషన్ కాగితంలో, ఉండనిది వాళ్ల దగ్గరే దొరుకుతుంది. కాగితం మీద ఎయిత్ నోట్లు (సగం బీటు స్వరాలు) రెండూ సమానంగా కనిపిస్తాయి, స్వింగ్ అనే జాజ్ నడకలో వాయిస్తే సమానంగా ఉండవు. ఎంత తేడా అన్నది వేగాన్ని బట్టి, బ్యాండుని బట్టి మారుతుంది. పొడుగు స్వరాన్ని ఎక్కడ వదలాలో లీడ్ ట్రంపెట్ నిర్ణయిస్తాడు, మిగతా ముగ్గురూ ఆ క్షణానికే వదలాలి. నాకు నేర్పినాయన ఏళ్ల తరబడి బస్సుల్లో తిరిగిన బేస్ ట్రాంబోన్ మనిషి. ఒకసారి మూడో బార్ దగ్గర ఆపి, అరగంటసేపు మా నలుగురిచేత ఒకేసారి గాలి పీల్చడం మాత్రమే చేయించారు. ఒక్క స్వరం కూడా వాయించలేదు. ఒళ్లు మండిపోయింది. కాజీపేట రైల్వే కాలనీలో పెళ్లి ఊరేగింపుల వెంట పరిగెత్తి ఈ వాద్యం మీద మోజు పెంచుకున్నవాణ్ణి, గాలి పీల్చడానికా ఇంత దూరం వచ్చింది అనుకున్నాను. ఆ శనివారం కచేరీలో మా ట్రాంబోన్ల వరస మొదటి స్వరం పలికినప్పుడు డ్రమ్మర్ వెనక్కి తిరిగి చూశాడు.

మిగతావి చకచకా.

బిగ్ బ్యాండ్ అంటే మన బ్యాండ్ మేళమేగా? వాద్యాలు చుట్టాలే, పని వేరు. నాకు మేళం అంటే చులకన లేదు, పైన చెప్పాను కదా.

జాజ్‌కి నొటేషన్ చదవడం అక్కర్లేదట. ఈ పుకారు పుట్టించినవాడు కనిపిస్తే చెప్పండి. బిగ్ బ్యాండులో సోలోలు కొందరికే, నాలుగో ట్రంపెట్‌కి రాత్రంతా ఒక్కటీ రాకపోవచ్చు. అందరూ చదివి తీరాలి. ఆడిషన్లో సైట్ రీడింగ్ (ముందెప్పుడూ చూడని నొటేషన్‌ని అక్కడికక్కడే వాయించడం) దగ్గరే మన పిల్లలు ఎక్కువగా జారిపోతున్నారు.

డాక్టరేట్ లేనిదే కాలేజీలో అడుగు పెట్టనివ్వరట. మేరీ లూ విలియమ్స్ ఆండీ కర్క్ బ్యాండుకి పియానో వాయించి, అరేంజ్‌మెంట్లు రాసి పేరు తెచ్చుకున్న మనిషి. బెన్నీ గుడ్‌మన్‌కీ, ఎలింగ్టన్‌కీ కూడా రాసింది. ఏ డిగ్రీ లేకుండానే 1977లో డ్యూక్ యూనివర్సిటీ పిలిచింది, 1981లో పోయేదాకా అక్కడే నేర్పింది. ఇప్పుడైతే ప్రకటనల్లో మాస్టర్సో డాక్టరేటో అడగడమే ఎక్కువ, "లేదా తత్సమాన అనుభవం" అన్న ముక్క కూడా ఉందేమో చూసుకోండి.

కాలేజీ ఉద్యోగమంటే ఇక నిశ్చింత అనుకోవడమూ తప్పే. అడ్జంక్ట్ (తాత్కాలిక అధ్యాపకుడు) అయితే కోర్సుకింత అని ఇస్తారు. క్లాసులు లేని వేసవికి ఏమీ రాదు. బతుకుతెరువు గురించి తల్లిదండ్రులు పడే భయం ఉత్తిది కాదు, నేనూ ఆరేళ్లు మూడు కాలేజీల మధ్య కారులోనే పెరుగన్నం తిన్నాను, ట్రాంబోన్ వెనక సీట్లో.

ఇదంతా ఆ రాత్రి ఏలూరాయనకి చెప్పే వ్యవధి లేదు, హాలు తాళం వేసేవాడు తొందరపెడుతున్నాడు. మంగళవారం నాలుగింటికి రిహార్సల్ ఉంది, అబ్బాయిని తీసుకొచ్చి ట్రంపెట్ల వెనక కూర్చోమన్నాను. చెవుల్లోకి దూది కూడా తెచ్చుకోమన్నాను.