ఎం1 గారండ్‌కు ఇంట్లో రౌండ్లు లోడ్ చేసుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఇక్కడ టెక్సస్‌లో షూటింగ్ రేంజ్‌ల దగ్గర మనవాళ్లు బాగానే కనిపిస్తున్నారు. వాళ్లలో కొందరికి గారండ్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక రైఫిల్) పిచ్చి పట్టింది, దాని రౌండ్ల (తూటాల) ధర చూశాక ఇంట్లోనే లోడ్ చేసుకుందామన్న ఆలోచనా వచ్చింది. లోడ్ చేయడమంటే కాల్చిన ఖాళీ ఇత్తడి కేస్‌లో కొత్త ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ రౌండ్ చేసుకోవడం. మంచిదే. కాకపోతే బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ బోల్ట్‌ను చేత్తో లాగే) వేట రైఫిల్‌కు లోడ్ చేసే పద్ధతినే తెచ్చి దీనికీ పెట్టేస్తున్నారు, పైగా ఎక్కడో విన్న మాటలు నాలుగు కలిపి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. చాలా ఏళ్లుగా ఈ రైఫిల్‌కే లోడ్ చేస్తున్నాను కాబట్టి నాకు తరచూ వినపడేవి రాస్తున్నా. పౌడర్ ఎంత వేయాలన్న లెక్క మాత్రం ఇక్కడ దొరకదు. అది ఇప్పటి లోడింగ్ మాన్యువల్ తెరిచి చూసుకోవాల్సిందే, ఎవరో చెప్పారని వేసేది కాదు.

అపోహ: గారండ్ పాతకాలపు తుపాకీ, లోపల బలం ఉండదు, ప్రెషర్ తట్టుకోలేదు.

వాస్తవం: అసలు గొడవంతా ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో జాన్ గారండ్ రూపొందించిన ఈ రైఫిల్‌ను అమెరికా సైన్యం 1936లో తీసుకుంది, 1957 దాకా 50 లక్షలకు పైగా తయారయ్యాయి. రౌండ్ వెనక మూసుకునే బోల్ట్, అది కదిలే రిసీవర్ చాలా గట్టివి. బలహీనత అక్కడ లేదు, బ్యారెల్ కింద ఉండే పొడవాటి ఆపరేటింగ్ రాడ్ (ఆప్ రాడ్)లో ఉంది. బ్యారెల్ చివర, మూతికి అంగుళంన్నర ఇవతల చిన్న రంధ్రం ఉంటుంది. బుల్లెట్ దాన్ని దాటాక అందులోంచి వచ్చే గ్యాస్ ఆ రాడ్‌ను వెనక్కి తన్నుతుంది, రాడ్ బోల్ట్‌ను తెరుస్తుంది. అంటే ఈ రైఫిల్‌కు రెండు ప్రెషర్లు లెక్క. ఒకటి చాంబర్‌లో (రౌండ్ కూర్చునే చోట) మొదట్లోనే వచ్చే పెద్ద ప్రెషర్, రెండోది బుల్లెట్ బ్యారెల్ చివరికి చేరేసరికి ఆ రంధ్రం దగ్గర ఇంకా మిగిలి ఉన్న ప్రెషర్. ఆప్ రాడ్‌ను వంచేది ఈ రెండోదే.

పౌడర్ రకం ఇక్కడే ముఖ్యం. కొన్ని పౌడర్లు తాటాకు మంటలా గబుక్కున కాలిపోతాయి, కొన్ని పిడకలా నిదానంగా కాలుతూ చివరిదాకా గ్యాస్ ఇస్తూనే ఉంటాయి. బోల్ట్ యాక్షన్‌లో ఆ నిదానం పౌడర్ వరం, బుల్లెట్‌కు అదనపు వేగం వస్తుంది. గారండ్‌లో అదే పౌడర్, చాంబర్ ప్రెషర్ హద్దుల్లో ఉన్నా సరే, రంధ్రం దగ్గర ఎక్కువ ఒత్తిడి పెడుతుంది. అందుకే ఐఎంఆర్ 4895, ఐఎంఆర్ 4064 లాంటి మధ్యస్థ వేగం పౌడర్లు దీనికి సరిపోతాయి, నిదానంగా కాలే 4350, 4831 లాంటివి మామూలు గ్యాస్ ప్లగ్‌తో (గ్యాస్ గొట్టాన్ని ముందు మూసే బిరడా) వద్దు. గారండ్ వాడే .30-06 రౌండ్‌కు మాన్యువల్‌లో ఒక పట్టిక కనబడగానే ఆగిపోకండి. కొన్ని మాన్యువళ్లలో గారండ్‌కు విడిగా ఇంకో పట్టిక ఉంటుంది, మనకు కావాల్సింది అది.

అపోహ: కాల్చిన తర్వాత ప్రైమర్ చూస్తే చాలు, చదునుగా నలిగిపోకపోతే లోడ్ సేఫ్.

వాస్తవం: పైది అర్థమైతే ఇది దానంతటదే పడిపోతుంది. రంధ్రం దగ్గరి ప్రెషర్ ప్రైమర్ మీద కనబడదు. ప్రైమర్ గుండ్రంగా, అందంగా ఉండి ఆప్ రాడ్ వంగిపోవచ్చు. వంగాక గానీ తెలియదు, మంచి ఒరిజినల్ రాడ్ కొనాలంటే చేతి చమురు వదులుతుంది.

అపోహ: 150 గ్రెయిన్ల బుల్లెట్ తప్ప ఇంకేదీ వాడకూడదు.

వాస్తవం: గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, కాబట్టి 150 అంటే 9.7 గ్రాములు. సైన్యం మామూలుగా వాడిన ఎం2 బాల్ రౌండ్‌లో బుల్లెట్ దాదాపు అంతే, వేగం సెకనుకు 2,700-2,800 అడుగులు. అయితే యుద్ధంలో బాగా వాడిన కవచం ఛేదించే ఎం2 రౌండ్ బుల్లెట్ 165 దగ్గర ఉండేది, పోటీల కోసం చేసిన ఎం72 మ్యాచ్ రౌండ్‌లో 173. ఇవన్నీ గారండ్‌లో నడిచినవే. 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ నాకు బాగా నచ్చుతుంది. 180, 200 వేట బుల్లెట్ల జోలికి మాత్రం పోవద్దు. ఈ రైఫిళ్లను పౌరులకు అమ్మే సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్) సంస్థ కూడా 50,000 సీయూపీ (చాంబర్ ప్రెషర్‌కు ఒక కొలత) ప్రెషర్, 172-174 గ్రెయిన్ల బరువు దాటిన రౌండ్లు వాడొద్దనే అంటుంది.

అపోహ: సర్దుబాటు చేసుకునే గ్యాస్ ప్లగ్ బిగిస్తే ఏదైనా కాల్చొచ్చు.

వాస్తవం: అది అదనపు గ్యాస్‌ను బయటికి వదిలేస్తుంది, ఆప్ రాడ్‌కు నిజంగా ఉపయోగమే. కానీ చాంబర్ ప్రెషర్‌ను ఒక్క పిసరు కూడా తగ్గించదు. పైగా ప్రతి లోడ్‌కూ మళ్లీ సరిచేసుకోవాలి.

అపోహ: భయమైతే పౌడర్ తక్కువ వేస్తే సరి, రైఫిల్‌కు ఇంకా మంచిది.

వాస్తవం: గ్యాస్ చాలకపోతే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు. ఖాళీ కేస్ మధ్యలో ఇరుక్కుంటుంది, లేదా కేస్ బయటపడినా కింది రౌండ్ అందదు. అది చికాకు మాత్రమే. మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠం కంటే కిందికి దిగితే అసలు ప్రమాదం వస్తుంది: బుల్లెట్ బ్యారెల్‌లోనే ఆగిపోవచ్చు, అది గమనించకుండా రెండోది కాల్చితే బ్యారెల్ పగులుతుంది. శబ్దం తేడాగా అనిపిస్తే ఆగి, రైఫిల్ ఖాళీ చేసి, బ్యారెల్ లోపల చూడాల్సిందే.

అపోహ: మిలిటరీ ప్రైమర్ వాడితే స్లామ్ ఫైర్ జరగదు.

వాస్తవం: ట్రిగ్గర్ నొక్కకుండానే, బోల్ట్ మూసుకునే ఊపుకు రౌండ్ పేలడాన్ని స్లామ్ ఫైర్ అంటారు. గారండ్ ఫైరింగ్ పిన్ వెనక స్ప్రింగ్ ఏదీ లేదు, అది వదులుగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. మంచి స్థితిలో ఉన్న రైఫిల్‌లో కూడా రౌండ్ చాంబర్‌లోకి వెళ్లి బయటికొస్తే ప్రైమర్ మీద చిన్న సొట్ట కనబడుతుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు. సీసీఐ 34 లాంటి గట్టి ప్రైమర్ ఆ సొట్టకు పేలే అవకాశాన్ని తగ్గిస్తుంది, నేనూ అదే వాడతాను. కానీ ప్రైమర్ కేస్ అడుగు కంటే వెంట్రుకవాసి పైకి ఉన్నా, కేస్ సరిగ్గా సైజ్ కాక (డైలో నొక్కినా అసలు కొలతకు రాక) బోల్ట్ పూర్తిగా మూసుకోకపోయినా, ఫైరింగ్ పిన్ చుట్టూ పాత గ్రీజు గడ్డకట్టినా ఏ ప్రైమరూ కాపాడదు. మిలిటరీ కేసుల్లో ప్రైమర్ చుట్టూ నొక్కి బిగించిన అంచు ఉంటుంది, దాన్ని తీసేయకపోతే కొత్త ప్రైమర్ పూర్తిగా దిగదు. అందుకే ప్రైమర్ పెట్టిన ప్రతి కేస్ మీదా వేలితో రాసి చూస్తాను, కాస్త లోపలికి దిగినట్టు తగలాలి. ప్రైమర్ బ్రాండ్ మార్చితే పౌడర్‌ను కూడా మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టి చూసుకోవాలి.

ఇంకో అలవాటు మానుకోండి: ఒక్క రౌండ్‌ను చేత్తో చాంబర్‌లో పెట్టి బోల్ట్‌ను వదిలేయడం. రౌండ్లను పట్టి ఉంచే క్లిప్‌లోంచి రౌండ్‌ను లాక్కొస్తే బోల్ట్ వేగం కొంత తగ్గుతుంది, ఖాళీగా వస్తే పూర్తి ఊపుతో కొడుతుంది.

అపోహ: మెడ మాత్రం సైజ్ చేస్తే కేస్ ఎక్కువ కాలం వస్తుంది.

వాస్తవం: బోల్ట్ యాక్షన్‌లో వస్తుంది. గారండ్‌లో ప్రతిసారీ కేస్ మొత్తం సైజ్ చేయాల్సిందే, భుజం (మెడ కింది వాలు) అంగుళంలో వెయ్యింట మూడు నాలుగు వంతులు వెనక్కి జరగాలి, గేజ్‌లో పెట్టి చూసుకోవాలి. పొడవు 2.494 అంగుళాలు దాటితే 2.484కు కోయాలి. కేస్ సాగుతుంది, అడుగు దగ్గర పలచబడుతుంది, చివరికి అక్కడే తెగి ముందు ముక్క చాంబర్‌లో ఉండిపోతుంది. పేపర్ క్లిప్ కొన వంచి లోపలి గోడ మీద గీస్తే పలచబడిన చోట చిన్న గాడి తగులుతుంది, అది తగిలితే ఆ కేస్ చెత్తబుట్టలోకే. గాడి లేకపోయినా నాలుగైదు సార్లు అయ్యాక నేను పక్కన పడేస్తాను, పిసినారితనం ఇక్కడ పనికిరాదు.

అపోహ: పాత మిలిటరీ రౌండ్లు విప్పి ఆ పౌడర్ మళ్లీ వాడుకోవచ్చు.

వాస్తవం: అది ఏ పౌడరో మీకు తెలియదు. అంతే.

అపోహ: సీసం అంటే బుల్లెట్‌లో ఉండేదే, రాగి తొడుగున్న బుల్లెట్ వాడితే భయం లేదు.

వాస్తవం: మామూలు ప్రైమర్ మిశ్రమంలోనూ సీసం ఉంటుంది. కాల్చిన కేసులను శుభ్రం చేసే డ్రై టంబ్లర్ దుమ్ము నిండా అదే. బెంచీ మీద టీ కప్పు, మిక్చర్ పొట్లం పెట్టుకుని పనిచేసేవాళ్లను చూశాను. గరాజ్‌లో చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అయితే ఆ టంబ్లర్ బయట పెట్టండి, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

అపోహ: హెచ్1బీలో ఉన్నా పర్లేదు, తుపాకీ ఫ్రెండ్‌ది, నేను రౌండ్లు మాత్రమే చేసుకుంటున్నా.

వాస్తవం: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీతో పాటు రౌండ్లు కూడా దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటి మీద ఆధారపడే ముందు లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్ కార్డ్ వాళ్లకు ఈ అడ్డంకి లేదు. సొంత వాడకానికి లోడ్ చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, వ్యాపారంగా అమ్మితే కావాలి. ఇండియాలో మాత్రం ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడమే నేరం, కాబట్టి ఊళ్లో ఉన్న తమ్ముడికి వీడియో కాల్‌లో నేర్పిద్దామనుకోకండి. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగు వేరు, హైదరాబాద్ ఫ్లైట్‌కు సర్దే బ్యాగు వేరుగా ఉంచండి. అడుగున మర్చిపోయిన ఒక్క రౌండ్ శంషాబాద్ స్కానర్‌లో కనబడినా పోలీస్ కేసు అవుతుంది.