లేక్ ఉన్న హెచ్‌ఓఏ: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం, అంటే అసోసియేషన్) నడిపే లేక్ కమ్యూనిటీలో ఇల్లు కొన్నవాళ్ల సందేహాలు మొదటి ఏడాది ఒక రకంగా ఉంటాయి: కంచె రంగు, బోటు ఎక్కడ పెట్టాలి, ఒడ్డు నుంచి నీటి మీదికి కట్టే డాక్‌కు ఎవరిని అడగాలి. కొన్నేళ్లు గడిచాక మాట కట్ట మరమ్మతు మీదికి, పూడికతీత మీదికి, ఉన్నట్టుండి నెత్తిన పడ్డ స్పెషల్ అసెస్‌మెంట్ (మామూలు చందాకు పైన వేసే అదనపు వసూలు) మీదికి మళ్లుతుంది. వీటిలో సగానికి పైగా జవాబులు కౌంటీలో రిజిస్టరైన డిక్లరేషన్ అనే షరతుల పత్రంలోనే ఉంటాయి. సీసీ అండ్ ఆర్స్ (ఒప్పందాలు, షరతులు, ఆంక్షలు) అనేది దాన్నే. దాన్ని చదివినవాళ్లు తక్కువ, దాని గురించి వాదించేవాళ్లు ఎక్కువ. రాష్ట్రాన్ని బట్టి చట్టం మారుతుంది కాబట్టి, కింద రాష్ట్రం పేరు చెప్పిన చోట ఆ నియమం అక్కడికే పరిమితం.

అపోహ: అసోసియేషన్‌ను నడిపే బోర్డు ఓటేస్తే ఏ రూలైనా పెట్టేయొచ్చు.

కాగితాలకు ఒక వరస ఉంది. అన్నిటికన్నా పైన ఫెడరల్, రాష్ట్ర చట్టాలు. ఆ తర్వాత డిక్లరేషన్, దాని కింద ఆర్టికల్స్ ఆఫ్ ఇన్‌కార్పొరేషన్ (అసోసియేషన్ నమోదు పత్రం), దాని కింద బైలాస్ (నిర్వహణ నియమావళి), అట్టడుగున బోర్డు రాసుకునే రూల్స్. కిందిది పైదానితో పొసగకపోతే కిందిది చెల్లదు.

లేక్‌లో మోటారు 10 హెచ్‌పీ దాటకూడదని బోర్డు రూల్ పెట్టగలదా? లేక్ కామన్ ఏరియా, అంటే అందరి ఉమ్మడి స్థలం, అయి, దాని వాడకంపై రూల్స్ రాసే అధికారం డిక్లరేషన్ ఇచ్చి ఉంటే పెట్టగలదు. అదే బోర్డు రూల్స్ పుస్తకంలో 'ఇళ్లు అద్దెకివ్వరాదు' అని ఒక లైను చేరిస్తే సాధారణంగా కోర్టులో నిలబడదు. ఎవరి లాట్ (ఇంటి స్థలం) మీద వాళ్లకున్న హక్కును తగ్గించాలంటే డిక్లరేషన్‌నే సవరించాలి. అందుకు ఎక్కువ డిక్లరేషన్లు 67 లేదా 75 శాతం ఓట్లు అడుగుతాయి, అదీ మీటింగ్‌కు వచ్చినవాళ్లలో కాదు, మొత్తం లాట్లలో. 120 లాట్లున్న చోట 75 శాతమంటే 90 సంతకాలు. ఊళ్లో లేని యజమానులు ఓటు వేయకపోతే అది వ్యతిరేక ఓటుతో సమానం. చాలా సవరణలు అక్కడే ఆగిపోతాయి.

సంతకాలు దొరికినా పని అయిపోయినట్టు కాదు. 2022లో అరిజోనా సుప్రీంకోర్టు కలాబ్రియా రాంచ్ కేసులో, అసలు డిక్లరేషన్‌లో సూచన కూడా లేని కొత్త ఆంక్షలను మెజారిటీ ఓటుతో రుద్దడం కుదరదని చెప్పింది. 2018లో టెక్సాస్ సుప్రీంకోర్టు టింబర్‌వుడ్ పార్క్ కేసులో, 'నివాసానికి మాత్రమే' అన్న షరతు ఒక్కటే ఉంటే అది షార్ట్ టర్మ్ రెంటల్స్‌ను ఆపదని తేల్చింది. వారాంతపు అద్దెలు వద్దనుకునే లేక్ కమ్యూనిటీ ఆ మాట డిక్లరేషన్‌లో విడిగా, కనీసం ఎన్ని రోజులకు అద్దెకివ్వాలో అంకెతో సహా రాసుకోవాలి.

ఫెడరల్ చట్టం అడ్డుపడే చోట్లు కొన్ని గుర్తుపెట్టుకోండి. మీ సొంత వాడకంలోని స్థలంలో 1 మీటరు వరకు వ్యాసమున్న డిష్‌ను నిషేధించడానికి 1996 నాటి ఎఫ్‌సీసీ (ఫెడరల్ టెలికాం నియంత్రణ సంస్థ) నియమం ఒప్పుకోదు. ఫెయిర్ హౌసింగ్ చట్టానికి 1988లో వచ్చిన సవరణ పిల్లలున్న కుటుంబాలపై వివక్షను నిషేధించింది. కాబట్టి, చట్టప్రకారం పెద్దల కమ్యూనిటీగా గుర్తింపు లేని చోట, 'పిల్లలు బీచ్‌లోకి రాకూడదు' అన్న బోర్డు కేసును పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే. వయసును పక్కనపెట్టి ప్రవర్తనను రాయాలి: లైఫ్ జాకెట్ ఎక్కడ తప్పనిసరి, ఈతకు హద్దు ఎక్కడిదాకా, డాక్ మీది నుంచి దూకొచ్చా లేదా.

అపోహ: డాక్ కట్టుకోవడానికి, హెచ్‌ఓఏలో నిర్మాణాలకు అనుమతిచ్చే ఆర్కిటెక్చరల్ కమిటీ సంతకం చాలు.

నీళ్లు ఎవరివి, అడుగు నేల ఎవరిది, ఒడ్డు ఎవరిది అన్నది ముందు తేలాలి. డెవలపర్ తవ్వించిన చిన్న లేక్ అయితే అడుగు నేల సాధారణంగా అసోసియేషన్ పేరు మీదే ఉంటుంది. నార్త్ కరోలినాలోని లేక్ నార్మన్ లాంటివి విద్యుత్ కంపెనీ రిజర్వాయర్లు. ఫెర్క్ (ఫెడరల్ ఇంధన నియంత్రణ సంస్థ) లైసెన్సు కింద ఒడ్డు వాడకాన్ని ఆ కంపెనీయే చూస్తుంది. జార్జియాలోని లేక్ లానియర్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌ది. టెన్నెసీ నది రిజర్వాయర్ల మీద అయితే టీవీఏ (ఆ రిజర్వాయర్లను నడిపే ఫెడరల్ సంస్థ) నుంచి 26ఏ పర్మిట్ కావాలి. ఈ చోట్లలో హెచ్‌ఓఏ అనుమతి ఆ పర్మిట్‌కు అదనం, దానికి బదులు కాదు.

వరస ఇలా పెట్టుకోండి. ప్లాట్ మ్యాపు, డీడ్ తీసి మీ హద్దు నీటి అంచు దాకా వచ్చిందా, లేక ఫలానా ఎత్తు గీత దగ్గర ఆగిందా చూడండి. ఆగితే మధ్యలోని పట్టీ మీది కాదు. అక్కడ చెట్టు కొట్టినా తంటానే. తర్వాత లేక్ యజమాని సంస్థ పర్మిట్. తర్వాత కమిటీకి దరఖాస్తు: సర్వే, డాక్ కొలతలు, పక్క లాట్ల హద్దు గీతల నుంచి దూరం, సామగ్రి, లైట్లు. తేదీ వేసిన రసీదు తప్పకుండా తీసుకోండి. ఎందుకంటే చాలా డిక్లరేషన్లలో 30, 45 లేదా 60 రోజుల్లో కమిటీ జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, కొన్నింటిలో తిరస్కరించినట్టు లెక్క. ఆ ఒక్క వాక్యం వెతికి చూసుకోండి. ఒడ్డున మట్టి, రాళ్లు నింపే పని ఉంటే క్లీన్ వాటర్ యాక్ట్ సెక్షన్ 404 పర్మిట్ కూడా రావచ్చు.

ఇల్లు కొంటే డాక్ పర్మిట్ దానంతట అదే మీ పేరు మీదికి వస్తుందనుకోవడం మరో పొరపాటు. ఆర్మీ కోర్ పర్మిట్లు బదిలీ కావు. కొత్త యజమాని కొత్తగా పెట్టుకోవాలి.

అపోహ: మన డ్యామ్ 'లో హజార్డ్' (తక్కువ ప్రమాద వర్గం), కాబట్టి గట్టిగానే ఉంది.

లేక్ కమ్యూనిటీల్లో అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇది. హజార్డ్ వర్గీకరణకు కట్ట ఆరోగ్యంతో సంబంధం లేదు. తెగితే కింద ఏమవుతుందన్నదే దాని లెక్క. 'హై' అంటే ప్రాణనష్టం జరిగే అవకాశం ఎక్కువ. 'సిగ్నిఫికెంట్' అంటే ఆస్తులకు, రోడ్లకు నష్టం. 'లో' అంటే నష్టం ఎక్కువగా యజమానికే. నిన్న కట్టిన గట్టి డ్యామ్ 'హై'లో ఉండొచ్చు, కుళ్లిపోతున్న కట్ట 'లో'లో ఉండొచ్చు. వర్గం మారుతుంది కూడా. దిగువన కొత్తగా ఇళ్లు లేస్తే, మన కట్టలో ఒక్క మట్టిపెళ్ల కదలకపోయినా రాష్ట్రం దాన్ని 'హై'కి మార్చొచ్చు. అప్పుడు అలుగు, అంటే ఇక్కడి భాషలో స్పిల్‌వే, ఇంకా పెద్ద వరదను మోయాలి. ఆ ఖర్చు కట్ట యజమానిది. చాలా చోట్ల ఆ యజమాని అసోసియేషనే, అంటే మీరే.

కట్ట మీద చూడాల్సినవి మన ఊరి చెరువు కట్ట మీద చూసేవే. వేళ్లు లోపలికి దిగి నీటికి దారి చూపుతాయి కాబట్టి చెట్లు ఉండకూడదు. పెరిగిన చెట్టును మాత్రం ఊరికే కొట్టి మొద్దు వదిలేస్తే ఇంకో ప్రమాదం: వేరు కుళ్లిన చోట సొరంగం మిగులుతుంది. ఇంజినీరు పర్యవేక్షణలో వేరు బుడ్డతో సహా పెకలించి, మట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. మొక్క బొటనవేలంత ఉన్నప్పుడే తీస్తే ఈ బాధ లేదు. ఏడాదికి కనీసం రెండుసార్లు గడ్డి కోయించండి. అందం కోసం కాదు, మస్క్‌రాట్లు, గ్రౌండ్‌హాగ్‌లు తవ్విన బొరియలు కనబడటానికి.

తూము గొట్టం పాత ముడతల ఇనుపదైతే దాని ఆయుష్షు సుమారు 25 నుంచి 50 ఏళ్లు. 1970లు, 80లలో వేసిన కమ్యూనిటీల్లో ఆ గడువు ఇప్పుడు ముగుస్తోంది లేదా ముగిసిపోయింది. తుప్పు చిల్లుల్లోంచి మట్టి లోపలికి జారుతుంది, గొట్టం పైన కట్టలో గుంట పడుతుంది. గుంట కనబడ్డాక మట్టి పోసి పూడ్చేయడం మామూలుగా జరిగే తప్పు. గొట్టంలోకి కెమెరా పంపించి చూడాలి. ముందే తెలిస్తే లోపల లైనింగ్ వేయించుకోవచ్చు, ఆలస్యమైతే కట్ట కోసి గొట్టమే మార్చాలి.

కట్ట కింద ఊట ఉండటమే ప్రమాదం కాదు. తేటగా, ఎప్పుడూ ఒకే మోతాదులో వస్తుంటే కొలిచి రాసుకోండి: తేదీ, లేక్ మట్టం, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు. మట్టం పెరగకుండా ఊట పెరిగినా, నీళ్లు బురదగా మారినా కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. తర్వాతి బోర్డు మీటింగ్ దాకా ఆగకుండా అదే గంటలో ఇంజినీరుకు, రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ ఆఫీసుకు ఫోన్ వెళ్లాలి.

మిషిగన్‌లో 2020 మే 19న ఈడెన్‌విల్ డ్యామ్ తెగింది. దిగువనున్న శాన్‌ఫోర్డ్ డ్యామ్ కూడా పోయింది. సుమారు 10,000 మంది ఇళ్లు ఖాళీ చేశారు, విక్సమ్ లేక్ బురద మైదానమైంది. స్పిల్‌వే సామర్థ్యం చాలదన్న సమస్య తేలనందుకు ఫెర్క్ 2018లోనే దాని లైసెన్సు రద్దు చేసింది. ఆ డ్యామ్ ప్రైవేటుది, ఒడ్డు ఇళ్లవాళ్లకు దాని మీద పెత్తనం లేదు. అయినా పునర్నిర్మాణానికి వేసిన స్పెషల్ అసెస్‌మెంట్ మాత్రం లేక్ చుట్టూ ఉన్న ఆస్తుల మీదే పడింది.

అపోహ: నాచు పట్టింది, మందు కొట్టిస్తే సరి.

నాచుకు మేత ఫాస్ఫరస్. లాన్ ఎరువు, సెప్టిక్ ట్యాంకులు, వరద కాలువలు, బాతు రెట్టలు దాన్ని మోసుకొస్తుంటే మందు కొన్ని వారాలే పనిచేస్తుంది. పైగా వేసవిలో లేక్ మొత్తానికి ఒకేసారి మందు కొడితే చచ్చిన నాచు కుళ్లుతూ ఆక్సిజన్ పీల్చేస్తుంది, రెండో రోజుకు చేపలు తేలతాయి. అందుకే కాపర్ సల్ఫేట్ లేబుళ్ల మీద మూడో వంతు నుంచి సగం వరకే ఒకసారి కొట్టి, సుమారు రెండు వారాలు ఆగమని రాసి ఉంటుంది. మోతాదు విస్తీర్ణానికి కాదు, నీటి పరిమాణానికి. ఎకరాలను సగటు లోతు అడుగులతో గుణిస్తే ఎకరా-అడుగులు. ఒక ఎకరా-అడుగంటే 3,25,851 గ్యాలన్లు. పూడిక పడిన లేక్‌లో పాత లోతు లెక్కతో కొడితే మోతాదు మించిపోతుంది. ఆల్కలినిటీ (నీటి క్షారత) పరీక్ష చేయించకుండా రాగి మందు వేయొద్దు: అది తక్కువున్న నీటిలో రాగి చేపలకు విషం.

పూడిక అసలు సంగతి. 10 ఎకరాల లేక్‌లో ఒక్క అడుగు పూడిక తీయాలంటే సుమారు 16,000 క్యూబిక్ యార్డులు. తవ్వడం కన్నా ఆ బురదను ఎక్కడ ఆరబెట్టాలి, ఎక్కడికి తరలించాలి అన్నదే కొటేషన్‌ను పెంచుతుంది. వాగు లేక్‌లో కలిసే చోట ముందు గుంట, అంటే ఫోర్‌బే, తవ్వించుకుంటే ముతక మట్టి అక్కడే ఆగుతుంది. కొన్నేళ్లకోసారి ఒక ఎక్స్‌కవేటరుతో ఎత్తేయొచ్చు.

అపోహ: డ్యూస్, అంటే అసోసియేషన్‌కు కట్టే చందా, పెంచని బోర్డే మంచి బోర్డు.

లెక్క చూడండి. తూము గొట్టం మార్పుకు 20 ఏళ్లలో 4,00,000 డాలర్లు కావాలనుకుందాం. 120 లాట్లకు పంచితే నెలకు లాటుకు 14 డాలర్ల లోపే. దాచకపోతే 20వ ఏట ఒక్కొక్కరి మీద 3,333 డాలర్లు ఒకేసారి పడతాయి. అప్పటికి ఇళ్లు అమ్మేసి వెళ్లినవాళ్ల వాటా కొత్తవాళ్ల నెత్తిన.

రిజర్వ్ స్టడీ, అంటే పెద్ద మరమ్మతులకు ఎంత దాచాలో లెక్కేసే నివేదిక, అడిగి తీసుకుని, అందులో డ్యామ్, పూడికతీత ఉన్నాయో లేదో ముందు చూడండి. రోడ్లు, ఈత కొలను, క్లబ్‌హౌస్ పైకప్పు రాసి లేక్‌ను మరిచిపోయిన స్టడీలు చాలా ఉంటాయి. పర్సెంట్ ఫండెడ్ (దాచాల్సినదానిలో దాచింది ఎంత శాతం) 70 పైన ఉంటే బాగున్నట్టు, 30 లోపుంటే స్పెషల్ అసెస్‌మెంట్‌కు సిద్ధపడాలని ఈ రంగంలో వాడుక. కాలిఫోర్నియాలో కనీసం 3 ఏళ్లకోసారి స్వయంగా చూసి స్టడీ చేయించాలి. అక్కడ సభ్యుల ఓటు లేకుండా బోర్డు డ్యూస్‌ను ఏడాదికి 20 శాతం దాకా పెంచొచ్చు, స్పెషల్ అసెస్‌మెంట్ వార్షిక బడ్జెట్ ఖర్చులో 5 శాతం దాకా వేయొచ్చు.

నాన్‌ప్రాఫిట్ కాబట్టి టాక్స్ రిటర్న్ అక్కర్లేదనుకునే ట్రెజరర్లు కూడా ఉన్నారు. కావాలి. ఎక్కువ అసోసియేషన్లు 1120-హెచ్ ఫారం వేస్తాయి. రిజర్వ్ మీద వచ్చే వడ్డీ లాంటి ఆదాయంపై అందులో 30 శాతం పన్ను.

అపోహ: లేక్ కంపు కొడుతోంది, బాగుచేసేదాకా డ్యూస్ కట్టను.

అద్దె ఇంటి తర్కం ఇక్కడ పనిచేయదు. సేవ బాగోలేదన్నది డ్యూస్ ఎగ్గొట్టడానికి కారణంగా కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ఆలస్య రుసుము, లాయర్ ఫీజు, లీన్ (ఇంటి మీద బాకీ హక్కు), ఆ తర్వాత ఫోర్‌క్లోజర్ (ఇంటి వేలం) దాకా వెళ్తుంది. టెక్సాస్‌లో జరిమానాలు, వాటి లాయర్ ఫీజులు మాత్రమే బాకీ ఉంటే ఇల్లు వేలం వేయలేరు, డ్యూస్ బాకీ అయితే వేయగలరు. కాలిఫోర్నియాలో ఫోర్‌క్లోజర్‌కు బాకీ కనీసం 1,800 డాలర్లు ఉండాలి, లేదా 12 నెలలకు మించి మిగిలిపోవాలి. నెవాడాలో 9 నెలల డ్యూస్‌కు బ్యాంకు మార్ట్‌గేజ్ కన్నా ముందు స్థానం ఉంది. కట్టండి, కడుతూనే అభ్యంతరం లిఖితపూర్వకంగా పంపండి, రికార్డులు చూపించమని అడగండి.

జరిమానాల సంగతి వేరు, అక్కడ మీకు పట్టు ఎక్కువ. ఫ్లోరిడాలో 14 రోజుల నోటీసు, బోర్డు సభ్యులు గానీ వాళ్ల బంధువులు గానీ లేని ముగ్గురి కమిటీ ముందు విచారణ లేనిదే జరిమానా చెల్లదు. కాలిఫోర్నియాలో 2025 జూలై నుంచి ఆరోగ్యం, భద్రతకు సంబంధం లేని ఉల్లంఘనకు 100 డాలర్లే గరిష్ఠం.

అపోహ: మీటింగ్‌కు వెళ్లకపోతే నిరసన తెలిపినట్టు.

కోరం (కనీస హాజరు) లేక ఎన్నిక జరగకపోతే చాలా బైలాస్ ప్రకారం పాత బోర్డే కొనసాగుతుంది. అసంతృప్తి ఉన్నవాళ్లందరూ ఇంట్లో కూర్చుంటే వాళ్లకు నచ్చని బోర్డుకే ఇంకో ఏడాది దొరుకుతుంది. ప్రాక్సీ (మీ తరఫున ఓటు వేసే అధికారం) ఫారం మీద సంతకం చేసి పొరుగింటివాళ్లకు ఇచ్చినా మీ లాట్ కోరంలో లెక్కకు వస్తుంది. ఎవరికి ఇచ్చారో పేరు రాయకుండా మాత్రం ఇవ్వొద్దు: ఖాళీ వదిలితే అది బోర్డు సెక్రటరీ చేతికి వెళ్లేలా కొన్ని చోట్ల ఫారాలు ముందే అచ్చేసి ఉంటాయి.