మెట్టు మీద కనిపించని బొమ్మ

చెన్నై,
ఆశ్వయుజ మాసం.

చిరంజీవి వైష్ణవికీ, ఈ ఉత్తరాన్ని నీతోబాటు చదవబోయే నీ తరగతి పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

బడిలో గుర్తింపు కార్డు కోసం బ్లడ్ గ్రూపులు రాయించినప్పుడు అమ్మది ఏ, నాన్నది బి, నీది మాత్రం ఓ అని తేలిందనీ, అది చూసి పక్క బెంచీ పిల్లవాడు "అయితే నిన్ను ఆసుపత్రిలో మార్చేసి ఉంటారు" అన్నాడనీ, అది నిజమేనా అనీ అడిగావు. నిన్నెవరూ మార్చలేదు తల్లీ. ఏ గ్రూపు తల్లికీ బి గ్రూపు తండ్రికీ ఓ గ్రూపు బిడ్డ పుట్టడంలో వింత ఏమీ లేదు. ఎందుకు లేదో చెప్పడానికి నాకు పుస్తకాలు అక్కరలేదు, మీ అమ్మమ్మ నిన్ననే పెట్టిన బొమ్మల కొలువు చాలు.

నా చిన్నతనంలో మేము పురసవాక్కంలో ఉండేవాళ్ళం. మహాలయ అమావాస్య నాడు అటక మీది నుంచి భోషాణం దింపితే, పాత పంచె ముక్కల్లో చుట్టిన బొమ్మలను విప్పడానికి అక్కచెల్లెళ్ళూ నేనూ పోట్లాడుకునేవాళ్ళం. అందులో చెయ్యి విరిగిన కొండపల్లి ఏనుగు మావటివాడు ఒకడు ఉండేవాడు. మా అమ్మ వాణ్ణి ఏనాడూ మెట్టెక్కించలేదు, అలాగని పారేయనూ లేదు. ప్రతి ఏడూ విప్పి, తుడిచి, మళ్ళీ చుట్టి లోపల పెట్టేసేది. మా చెల్లెలి పెళ్ళయ్యాక బొమ్మల్లో కొన్ని దాని కాపురానికి వెళ్ళాయి. కొన్నేళ్ళ తరువాత ఒక దసరాకు వాళ్ళింటికి వెళ్ళి చూస్తే మావటివాడు పై మెట్టు మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. మా మేనల్లుడి దృష్టిలో ఆ బొమ్మ ఎక్కడి నుంచో ఊడిపడింది, ఎందుకంటే అమ్మమ్మ ఇంటి కొలువులో వాడు దాన్ని ఎప్పుడూ చూడలేదు. పెట్టెలో ఉన్న సంగతి వాడికేం తెలుసు?

తల్లిదండ్రుల లక్షణాలు బిడ్డలో కలిసిపోయి మధ్యస్థంగా తయారవుతాయని ఒకప్పుడు పెద్దపెద్ద పండితులే నమ్మేవారు. అది సరికాదని బఠాణీ మొక్కలతో చూపించినవాడు గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. నేటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో, మఠం పెరట్లో, 1856 నుంచి దాదాపు ఎనిమిదేళ్ళు ఆయన ఈ పని చేశాడు. నున్నని గింజల జాతినీ ముడతల గింజల జాతినీ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ నున్ననివే వచ్చాయి. ముడతలు పూర్తిగా మాయమయ్యాయి. ఆ మొక్కలను తమలో తామే ఫలదీకరణ చెందనిస్తే తరువాతి తరంలో 5,474 నున్ననివీ, 1,850 ముడతలవీ వచ్చాయి. అంటే సుమారుగా మూడింటికి ఒకటి చొప్పున, మాయమైన ముడతలు చెక్కుచెదరకుండా తిరిగి వచ్చాయి! అన్ని వేల గింజలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన ఆ ఓపికకు నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉంటాను. 1866లో అచ్చయిన ఆ వ్యాసాన్ని లోకం పట్టించుకోలేదు. 1884లో ఆయన కన్నుమూసిన తరువాత, 1900లో గానీ దాని విలువ తెలియలేదు.

మన భాషలో చెప్పుకుందాం. ఇలాంటి ప్రతి లక్షణానికీ మనలో రెండేసి బొమ్మలు, అంటే జన్యువులు, ఉంటాయి, ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది. రెండూ వేరువేరు రకాలైతే తరచుగా ఒకటి మెట్టెక్కుతుంది, రెండోది పెట్టెలో ఉండిపోతుంది. మీ పాఠంలో వీటినే బహిర్గతం, అంతర్గతం అంటారు. ఏ, బి అనేవి మెట్టెక్కే బొమ్మలు. రెండూ కలిస్తే పక్కపక్కనే నిలబడి ఏబి గ్రూపు అవుతాయి. ఓ మాత్రం వాటి సమక్షంలో పెట్టె దాటి రాదు. మీ అమ్మ మెట్టు మీద ఏ ఉంది, పెట్టెలో ఓ ఉంది. మీ నాన్న మెట్టు మీద బి, పెట్టెలో ఓ. బిడ్డకు ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరూ తమ రెండింటిలో ఏదో ఒకదాని నకలును కళ్ళు మూసుకుని ఇస్తారు. కాబట్టి మీ ఇంట్లో పుట్టే ప్రతి బిడ్డకూ ఏబి, ఏ, బి, ఓ నాలుగూ సమానంగా సాధ్యమే. నీకు ఇద్దరి దగ్గరి నుంచీ పెట్టెలోని ఓ అందింది. ఈ గ్రూపుల్లో ఏ, బి, ఓ మూడింటినీ 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ వెల్లడించాడు. గ్రూపులు వంశంలో దిగివచ్చే పద్ధతిని 1924లో ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అనే జర్మను గణితజ్ఞుడు లెక్కలు కట్టి తేల్చాడు.

పెట్టెలో ఉన్నవన్నీ నీ ఓ గ్రూపులా నిరపాయమైనవి కావు. మూత్రం గాలి తగిలి నల్లబడే ఒక అరుదైన జబ్బును పరిశీలించిన ఆర్చిబాల్డ్ గారడ్ అనే లండన్ వైద్యుడు, ఆ పిల్లల తల్లిదండ్రులు ఆరోగ్యవంతులే అయినా, వారిలో చాలామంది ఒకరికొకరు దగ్గరి బంధువులని గమనించి 1902లో రాశాడు. మనిషి జబ్బును మెండెల్ లెక్కతో ముడిపెట్టిన తొలి రచన అదే. మన ఇళ్ళలో మేనరికాలు ఎన్ని లేవు? ఒకే అమ్మమ్మ భోషాణం నుంచి రెండు ఇళ్ళకూ వెళ్ళిన బొమ్మ మూడో తరంలో ఒకే బిడ్డ దగ్గర జతకూడవచ్చు. ఏ ఒక్క లక్షణం విషయంలోనైనా, ఆ అమ్మమ్మ తాతయ్యల బొమ్మల్లో ఏదో ఒకటి ఇలా జతకూడే అవకాశం మామ కూతురినో అత్త కూతురినో చేసుకుంటే పదహారులో ఒక వంతు, సొంత మేనమామను చేసుకుంటే ఎనిమిదిలో ఒక వంతు. అలా పుట్టినవారిలో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు, కనుక ఎవరినీ బెదిరించకు, డాక్టరుగారు "మేనరికమా?" అని అడిగితే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకోకుండా జవాబు చెప్పాలని మాత్రం నా కోరిక.

1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన సహచరులు మరో విచిత్రం కనుగొన్నారు. కొందరిలో ఏ, బి బొమ్మలు ఉన్నా అవి నిలబడడానికి మెట్టే లేదు! అందుచేత వారి రక్తం మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది కానీ, వారికి ఓ రక్తం కూడా సరిపడదు. దానినే బొంబాయి గ్రూపు అంటున్నారు.

ఇంకొక్క మాట. మా అత్తయ్యకు వరుసగా ఆడపిల్లలు పుడితే ఇంటిల్లిపాదీ ఆవిడనే దెప్పేవారు. బిడ్డ ఆడో మగో నిర్ణయించే బొమ్మ తండ్రి వైపు నుంచి వస్తుందని అప్పటికి అర్ధ శతాబ్దం ముందే, 1905లో, నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగులను పరిశీలించి చెప్పింది. ఆ సంగతి మా వీధి దాకా రాలేదు. నువ్వు మీ వీధి దాకా తీసుకెళ్ళు.

చలి మొదలవగానే మీ జయనగర్ మార్కెట్‌లో పచ్చి బఠాణీ కాయలు వస్తాయి. కొన్ని వలిచి, గింజలను పళ్ళెంలో నీడన ఎండబెట్టు. కిరాణా కొట్లో సుండల్ (గుగ్గిళ్ళు) కోసం అమ్మే ఎండు బఠాణీలను గుప్పెడు తెచ్చి పక్కన పెట్టు. రెండింటి పైతోలూ చూసి, వేలితో తడిమి, మెండెల్ పెరట్లో ఉన్నవి ఏ రకాలో నువ్వే తేల్చు. ఏది ఎందుకు ముడతపడిందో నేను ఇప్పుడే చెప్పను. ముందు నువ్వు చూసినది బొమ్మ గీసి నాకు పంపు.

ఇట్లు,
మీ తాతయ్య.