ఢిల్లీకి పోయిన క్లబ్బు, హన్మకొండల మిగిలిన లొల్లి

ఆదివారం పొద్దుగాల హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియంల ఫుట్‌బాల్ ఆడి గేటు బయట చాయ్ బండి కాడ నిలబడితే మా దాంట్ల ఒకటే పంచాయితీ. మా సోపతిగాడు ఒకడు ఇంకా ఆ ఢిల్లీకి పోయిన మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీనే ఏసుకొస్తడు, ఎన్క ఆ క్లబ్బుకు గోల్స్ కొట్టిన ఓగ్బెచే పేరుంటది, అండ్ల రెండు అక్షరాలు ఎప్పుడో ఊడిపోయినయ్, చెమటకు మిగిలినయ్ కూడా లేస్తున్నయ్, అయినా ఇడ్వడు. వాడేమో ఓనర్లే ముంచిన్రు అంటడు. ఇంకొకడు ఓనర్లను తిడితే ఏమొస్తది, దేశంల ఫుట్‌బాల్ నడిపే ఫెడరేషనే సక్కగ లేదు, అందుకే ఇండియా టీమ్ కూడా ఇట్లయింది అంటడు. ఇంకో ఇద్దరు కోచ్ మీద పడ్తరు. కాజీపేట రైల్వేల చేసి రిటైరైన కాకా ఒకాయన ఉంటడు మాతోని, ఆయన గ్లాసు కింద పెట్టి ఒక్కటే అడుగుతడు: గదంత సరే గని, జీతం ఎవడిస్తున్నడు రా ఆటగాళ్లకు?

మొదట్ల మేం నవ్వినం. తర్వాత పాత ముచ్చట్లు తవ్వుకుంట పోతే, మన దగ్గర ఫుట్‌బాల్ లేచిందీ పడ్డదీ అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరిగిందని నాకు అర్థమైంది. అందుకే ఇది రాస్తున్న, కొంచెం లంబ అయితది, ఓపిక పట్టున్రి.

అసలు కథ 1943 నుంచి మొదలు పెట్టాలె. సయ్యద్ అబ్దుల్ రహీం, మనోళ్లు రహీం సాబ్ అంటరు, బడి పంతులు. ఆ ఏడు హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతికొచ్చింది. ఆ టీమ్‌ల ఆడేటోళ్లకు డిపార్ట్‌మెంట్ నౌకరి, ఒకటో తారీఖు జీతం, మ్యాచ్ గెలిచినా ఓడినా ఇంట్ల పొయ్యి వెలుగుతది. టికెట్లు అమ్ముడుపోయినయా లేదా అన్న రంది లేదు. ఆ నిమ్మలంతోని 1950 నుంచి 1954 దాక బొంబాయిల రోవర్స్ కప్పు వరుసగా 5 సార్లు కొట్టిన్రు, డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చిన్రు, కలకత్తా పెద్ద క్లబ్బులను ఓడిచ్చి మరీ. ఎడమ కాలు రానోళ్లకు ఎడమ కాలుతోనే ఆడాలె అని రహీం సాబ్ వేరే పోటీలు పెట్టేటోడని చెప్పుకుంటరు. మా దాంట్ల సగం మందికి గిప్పటికీ గా పోటీ పెట్టాలె, ఎడమ కాలు నిలబడ్డానికి తప్ప దేనికీ పనికి రాదు.

ఇండియా టీమ్ కోచ్ కూడా ఆయనే. 1951ల ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్‌ల ఇరాన్ మీద 1-0, గోల్డ్. మల్ల ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌ల యుగోస్లావియా చేతుల 10-1 తోని చిత్తు. సగం మంది షూస్ లేకుండ ఆడిన రోజులవి, ఆ దెబ్బకే షూస్ తప్పనిసరి చేసిన్రు. అంత ఘోరంగ ఓడినంక కూడా కోచ్‌ను మార్చకపోవుడు గమనించాలె, గిప్పుడైతే ఎయిర్‌పోర్టులనే ఉత్తరం చేతుల పెడుతుండె. 1956 మెల్‌బోర్న్‌ల నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టి ఆస్ట్రేలియాను 4-2 తోని ఇంటికి పంపిండు, సెమీస్ దాక పోయి 4వ స్థానం. 1962 జకార్తాల కొరియాను 2-1 తోని ఓడిచ్చి మల్ల గోల్డ్. పీకే బెనర్జీ ఒకటి, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ ఒకటి కొట్టిన్రు. స్టేడియం అంతా మనకు ఎదురు అరుస్తుంటే ఆడిన మ్యాచ్ అది. అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న పోయిండు.

ఇగ ఇక్కడ్నుంచే మా లొల్లికి అసలు వేరు. ఆయనతోనే అంతా పోయిందని అందరూ అంటరు, అది సగమే నిజం. ఆయన ఉన్నప్పుడే మనోళ్లు కలకత్తా బండెక్కుడు షురువైంది. సికింద్రాబాద్ అమ్ముగూడల పుట్టిన తులసీదాస్ బలరాం 1957లనే ఈస్ట్ బెంగాల్‌కు పోయిండు. రోమ్ ఒలింపిక్స్‌ల హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినప్పుడు ఆయన ఆడుతున్నది కలకత్తా క్లబ్బుకే. తర్వాత నయీముద్దీన్ పోయిండు, హబీబ్ పోయిండు. 1977ల పెలే కాస్మోస్ టీమ్ కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మన హైదరాబాదీనే. కలకత్తాల క్లబ్బు అంటే లక్షల మంది మనుషులు, దాని ఎన్క మస్తు పైసలు. ఇక్కడ క్లబ్బు అంటే ఒక డిపార్ట్‌మెంట్, ఆ డిపార్ట్‌మెంట్‌ల ఆట మీద పాణం పెట్టే ఆఫీసరు ఉన్నన్ని రోజులే టీమ్. 1965-66ల ఆంధ్రప్రదేశ్ పేరు మీద రాష్ట్రాల టీములు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచిన్రు, మల్ల ఇంతవరకు మన దిక్కు ఆ కప్పు రాలే.

మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు సుత ఆట వచ్చింది జీతం దారినే. కాజీపేటల రైల్వే, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిల సింగరేణి. డ్యూటీ దిగి బాల్ తన్నినోళ్లు, కార్మికుల స్పోర్ట్స్ మీట్లల ఆడినోళ్లు. ఇంకొకటి వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ ఆర్ఈసీ, గదే ఇప్పటి ఎన్ఐటీ, సగం సీట్లు బయటి రాష్ట్రాలోళ్లకే ఉండె గనుక మలయాళీ, బెంగాలీ పోరలు వచ్చి సాయంత్రం గ్రౌండ్‌ల ఫుట్‌బాల్ ఆడుతుంటే మేం గోడ మీద కూసోని చూసినోళ్లమే. మన పోరగాళ్లు మాత్రం అప్పటికే బ్యాటు పట్టుకున్నరు.

ఇట్ల 50 ఏండ్లు గడిచినంక 2019ల హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఎట్ల వచ్చింది అనేది చానా మంది మర్చిపోయిన్రు. పుణె సిటీ క్లబ్బు మూతపడ్డది, దేశంల పెద్ద లీగ్ ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్‌ల ఒక జాగ ఖాళీ అయింది, ఆ జాగ మనకొచ్చింది. అదే ఏడు ఢిల్లీ డైనమోస్ క్లబ్బు భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే ఈ లీగ్‌ల క్లబ్బు ఊరుది కాదు, ఆర్టీసీ బస్సుల రుమాలేసి ఆపుకున్న సీటసొంటిది, రుమాలు ఎవలదో సీటు వాళ్లది. మనం అప్పుడు కిటికీ పక్క సీటు దొరికిందని సంబురపడ్డం, పుణె వాళ్లు ఎక్కడ దిగిన్రో చూడలే.

ఫస్ట్ సీజన్ ఆఖరి స్థానం. తర్వాత మానోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి జవాన్ పోరలను పెట్టి మంచిగ ఆడిపిచ్చిండు. 2022 మార్చి 20న గోవాల ఫైనల్, ఎదురుంగ కేరళ బ్లాస్టర్స్. కాజీపేటల ఎన్ఐటీ పోరల రూముల చూసినం, పది మందిల ఏడుగురు మలయాళీలే. రెండు టీములదీ పసుపు జెర్సీనే, అది ఆరోజు మనకొచ్చింది, వాళ్లు నల్లది ఏసుకోవాల్సొచ్చింది, దానికే మొదటి లొల్లి. 68వ నిమిషంల కేపీ రాహుల్ కొట్టిండు, రూం పగిలిపోయింది. మేం ముగ్గురం నోరు మూసుకొని కూసున్నం. 88ల సాహిల్ తవోరా దూరంకెళ్లి ఒక్కటి పేల్చిండు, 1-1. పెనాల్టీలల మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు, 3-1, కప్పు మనది. ఆ రాత్రి మలయాళీ పోరలు అన్నం తినలే పాపం.

కని ఆ సీజన్ మొత్తంల హైదరాబాద్‌ల ఒక్క మ్యాచ్ కూడా జరగలే. కరోనా వల్ల అన్నీ గోవాలనే, దాని ముందు సీజన్ కూడా అట్లనే. ఛాంపియన్ అయిన టీమ్‌ను ఊరోళ్లు గ్రౌండ్‌ల చూడనే లేదు. మల్ల సీజన్ గచ్చిబౌలికి వచ్చిన్రు, మంచిగనే ఆడిన్రు, లీగ్‌ల రెండో స్థానం, సెమీస్‌ల మోహన్ బగాన్ చేతుల పెనాల్టీల మీద పోయిన్రు. తర్వాత మానోలో గోవా క్లబ్బుకు పోయిండు. ఇగ 2023-24ల జీతాలు ఆగినయ్. పాత ప్లేయర్ల బకాయిల మీద ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పెట్టింది, అంటే కొత్త ప్లేయర్లను తీసుకోనీకే లేదు, విదేశీ ప్లేయర్లు ఒక్కొక్కలు సర్దుకున్నరు, మిగిలిన చిన్న పోరలతోని సీజన్ ఎల్లదీసిన్రు. 22 మ్యాచులల ఒక్కటే గెలుపు. అప్పుడు ఐఎస్ఎల్‌ల కింది లీగ్‌కు దింపుడు లేకుండె గనుక ఆఖరున వచ్చినా జాగ మిగిలింది, 2024ల బీసీ జిందాల్ గ్రూప్ కొన్నది. మా ఓగ్బెచే జెర్సీగాడు ఆ వార్త చూసి బస్టాండ్ కాడ స్వీట్లు పంచిండు, గిప్పుడు యాది చేస్తే తిడతడు.

అదే 2024ల ఇండియా టీమ్ కూడా గచ్చిబౌలికి వచ్చింది. సెప్టెంబర్‌ల ఇంటర్‌కాంటినెంటల్ కప్, మారిషస్ తోని 0-0, సిరియా చేతుల 0-3. కోచ్ ఎవలు? మన మానోలోనే. అప్పుడే కొత్తగ ఇండియా కోచ్ అయిండు, గోవా క్లబ్బును కూడా ఇడ్వలే, రెండూ ఒక్కడే. నవంబర్ 18న మలేషియా మ్యాచ్‌కు మేం నలుగురం పోయినం. హన్మకొండల బస్సెక్కి ఉప్పల్‌ల దిగి, మెట్రోల రాయదుర్గం, అక్కడ్నుంచి ఆటో, పోనీకే అర్ధ దినం. 19వ నిమిషంల మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ గోల్ ఇడిచిపెట్టి ముందుకు ఉరికిండు, వాళ్లోడు ఖాళీ గోల్‌ల మెల్లగ దొర్లిచ్చిండు. మా పక్కన ఎవలో చిన్న పిలగాడు వాళ్ల నాయనను, నాయనా ఆయన ఎందుకు బయటికొచ్చిండు అని అడిగిండు, ఆయన జవాబు చెప్పలేకపోయిండు, మేం కూడా చెప్పలేం. తర్వాత రాహుల్ భేకే కార్నర్‌కు తలతోని కొట్టి సమానం చేసిండు. 1-1. ఆ ఏడాది మొత్తంల ఇండియా ఒక్క మ్యాచ్ గెలవలే. రాత్రి ఉప్పల్ రింగ్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడి, భువనగిరి దాటేదాక అదే తిట్లు, జనగామల చాయ్ తాగి మల్ల తిట్లు.

అప్పుడు మొదలైన పంచాయితీనే రహీం సాబ్ కూడా క్లబ్బూ దేశం రెండూ చూడలేదా, మానోలో చూస్తే తప్పేంది అనేది. నన్నడిగితే ఈ రెండిటికీ పోలికే లేదు. రహీం సాబ్ చేతుల క్లబ్బే కాదు, హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కూడా ఉండె. క్యాంపుకు ప్లేయర్ కావాలంటే డిపార్ట్‌మెంట్‌ల ఒక్క ఆర్డర్ చాలు, నెలల తరబడి ఒక్క దగ్గర పెట్టి తయారు చేయొచ్చు. గిప్పుడు జీతమిచ్చేది క్లబ్బు, ఫిఫా చెప్పిన తారీఖులల తప్ప ఇడ్వదు, ఇడ్వమని అడిగే హక్కు కూడా లేదు. కోచ్‌కు దొరికేది నాలుగైదు దినాలు. అండ్ల ఆయన సుత వేరే క్లబ్బుల జీతం తీసుకుంట, రెండు పడవలల కాళ్లు పెట్టుకొని కూసుంటే, ఎవడికి నిమ్మలం?

2025 ఇంకా అధ్వాన్నం. ఏషియన్ కప్ క్వాలిఫయర్లల మార్చిల షిల్లాంగ్‌ల బంగ్లాదేశ్ తోని 0-0, జూన్‌ల హాంకాంగ్ చేతుల 0-1. మానోలో తప్పుకున్నడు, కోచ్‌గ ఖాలిద్ జమీల్ వచ్చిండు. అక్టోబర్ 14న మడ్గావ్‌ల సింగపూర్ 2-1 తోని కొట్టి మనల్ని బయట పడేసింది. అదే టైముల లీగ్ కూడా ఆగిపోయి ఉండె. 2010ల ఫెడరేషన్ రిలయన్స్ వాళ్లతోని చేసుకున్న 15 ఏండ్ల, 700 కోట్ల అగ్రిమెంట్ 2025 డిసెంబర్‌తోని అయిపోతుండె, కొత్తది తెగలే, అందుకని జూలైలనే సీజన్ పక్కన పెట్టిన్రు. లీగే లేకుంటే ఓనరు జీతాలు ఎందుకిస్తడు, ఊరి మీద ప్రేమ ఎందుకుంటది. అదే అక్టోబర్‌ల హైదరాబాద్ ఎఫ్‌సీ కాస్తా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2019ల సీటు పోగొట్టుకున్న ఢిల్లీకి మన సీటు పోయింది. ఒక్క నెలల టీమూ పోయింది, టోర్నీ పోయింది. మా చాయ్ బండి కాడ లొల్లి అంత గట్టిగ ఎందుకున్నదో ఇప్పుడు సమజైంది కదా.

మగోళ్ల ముచ్చట ఇట్లుంటే ఆడపిల్లలు మాత్రం 2025 జూలై 5న థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదనే 2-1 తోని ఓడిచ్చి 2026 ఏషియన్ కప్‌కు పోయిన్రు. ఆ క్వాలిఫయర్లు ఆడిన టీమ్‌ల మన గుగులోత్ సౌమ్య ఉన్నది, నిజామాబాద్ జిల్లా పిల్ల, 2022ల క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కు ఆడొచ్చింది, 2024-25కు ఫెడరేషన్ ఆమెనే ఉత్తమ ప్లేయర్ అన్నది. మొన్న ఆదివారం నేను ఫోన్‌ల ఆమె గోల్స్ పెట్టి చూపిచ్చిన. కాకా ఎప్పటిలెక్కనే, ఈ బిడ్డకు జీతం ఎవడిస్తున్నడు అని అడిగిండు.

ఈస్ట్ బెంగాల్ అన్న.

ఆయన నవ్విండు. బలరాం పోయిందీ అక్కడికే గదరా అన్నడు. మా జెర్సీగాడు ఫోన్ గుంజుకొని పెద్దగ చేసి చూసిండు, ఎరుపు పసుపు జెర్సీ. ఇండ్ల సగం పసుపే గదా, ఎంతుంటది రా ఇది అని అడిగిండు.